ఏడిండ్ల లెక్క

"పిల్లలెంతమంది?" అన్నడు ఓనర్.
"ఒక్క పిల్లి" అన్న.
చెవుడో, అడ్వాన్సు నోట్లు లెక్కవెట్టే ధ్యానమో,
"ఒక్క పిల్లనేనా, నయమే" అనుకుంట
తాళంచెయ్యి ఇచ్చిండు.
నేను దిద్దలె.

ఆషాఢంల ఇల్లు మారేటోళ్లు తక్కువ.
అందుకే కిరాయి రెండొందలు తగ్గింది,
ట్రాలీ యాకయ్య గూడ బేరం ఆడలె.
కొత్తవాడ నుంచి కాశిబుగ్గ ఎంత దూరం,
చాయ్ చల్లారేలోపు పోయి రావొచ్చు.
సామానుకు ఆ సంగతి ఎరుకనా?
బీరువా కాలొకటి ఇరిగింది,
అమ్మ ఫోటో అద్దం నిలువునా పగిలింది.

పిల్లి పేరు సర్వపిండి.
గంజుకు ఒత్తిన పిండి మీద
పల్లీలు, నువ్వులు, మాడిన మచ్చలు ఎట్లుంటయో
అట్లుంటది దాని ఒళ్లు.
మగ్గం గుంతల దొరికింది, అరచెయ్యంత,
దర్రీ నూలు ఉండల నడుమ తనూ ఒక ఉండయి.
మగ్గం అమ్మినం. గుంత పూడ్చినం.
పిల్లి మాత్రం ఆ పూడ్చిన జాగలనే పండేది.

"తొవ్వ చూపియ్యకు సారక్కా" అన్నడు యాకయ్య,
"చూసిందంటె తెల్లారేసరికి పాతింటి గోడ మీదుంటది.
సంచిల ఏసి, మలుపు మలుపుకు ఒక సుట్టు తిప్పాలె."
పొద్దంత ఎనుమాముల మార్కెట్ల
బస్తాల మూతులు కుట్టే చేతులు నాయి,
గోనె సంచి తప్ప ఇంకేం దొరుకుతది?
మూడుసార్లు దులిపిన, ఎండకేసిన,
అయినా మిర్చి ఘాటు పోగు పోగుల దాక్కునే ఉన్నది.

పోచమ్మ మైదాన్ కాడ సంచి తుమ్మింది.
యాకయ్య బ్రేకేసిండు.
పిల్లి ఎదురొస్తె ఆగుతరు,
ఎవరన్న తుమ్మితె ఆగుతరు,
పిల్లే తుమ్మితె ఎంతసేపు ఆగాలెనో
ఇద్దరికీ తెల్వలె.
రోడ్డు పక్కన నీళ్లు తాగినం.
సంచికి చెవి ఆనిచ్చిన,
లోపల గుండె, మిషను సూదోలె.

కొత్తింట్ల పాలు పొంగిచ్చిన.
గిన్నెల వోసి ముందల వెడితే
వాసన చూసి మొహం తిప్పుకున్నది.
మూడు దినాలు బీరువా కింద
ఇరిగిన కాలు జాగల తనే కాలయి కూసున్నది.
నాలుగో రాత్రి కిటికీ రెక్క ఊగింది.
అంతే.

తెల్లారి గల్లి గల్లి తిరిగిన.
"సర్వపిండీ, సర్వపిండీ" అని పిలుస్తుంటె
ఒక ముసలామె గడపల కొచ్చి
"ఎంతకొకటి బిడ్డా?" అన్నది.

ఆరు సుట్లు తిప్పిన సంచిలకెంచి
దానికి తొవ్వ ఎట్ల కనవడ్డదో.
నేను కండ్లు తెరుచుకొనే వచ్చిన,
ఆధార్ల అడ్రస్ మార్చిన, గ్యాసు బుక్కుల మార్చిన,
ఇప్పటికీ మార్కెట్ల పని దిగి వస్తుంటె
ఒకటి రెండుసార్లు పాత గల్లి మొదట్ల
చెప్పులు ఆగినయి.

బేస్తారం నాడు ఎండు చాపలు కట్టుకొని పోయిన.
భూలక్ష్మి అట, కొత్తగ దిగిందామె.
గుంత పూడ్చిన జాగల ఫ్రిజ్ వెట్టింది.
ఫ్రిజ్ మీద సర్వపిండి.
వాళ్ల పిలగాడు "టైగర్" అంటున్నడు,
అది ఆ పేరుకు గూడ పలుకుతున్నది.
నన్ను చూసి కండ్లు సగం మూసింది,
అడ్రస్ అడగొచ్చిన మనిషిని చూసినట్టు.

"తీస్కపోతవా అక్కా?" అన్నది భూలక్ష్మి.
చంకల సంచి ఉన్నది. మడత ఇప్పలె.
చాపల పొట్లం ఆమె చేతుల వెట్టి
"తలకాయ తీసి వెయ్యి, ముల్లు గుచ్చుకుంటది" అన్న.

పిల్లి తన కూనలను ఏడిండ్లు తిప్పుతదంటరు.
నాకిది ఐదోది.
ఇంక రెండు బాకీ.

నిన్న ఓనర్ మెట్ల మీద ఎదురైండు.
"మీ పిల్ల కనవడ్తలేదేంది?"
"పాతింట్లనే ఉంటదట" అన్న.
ఆయన తల ఊపిండు, రెండు మెట్లు దిగిండు,
మళ్ల ఆగి
"ఏ క్లాసు?" అన్నడు.